‘తగు చర్యల’కు టీకా తాత్పర్యం

మూలం: “పెరటి కుక్కుటములయందు ఈకల పతనము, పరస్పర పీడనము గమనించిన యెడల పెంపకందారులు తగు చర్యలు చేపట్టవలెను.”

అవతారిక

ఇది ఏకవాక్య గ్రంథం. కర్త అజ్ఞాతుడు. కోళ్ళ పెంపకం మీద పంచే కరపత్రాల్లో ఈ శైలి చెక్కుచెదరకుండా వస్తోంది. శాస్త్రారంభంలో అనుబంధ చతుష్టయం చెప్పడం ఆచారం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఇంటెనక పది కోళ్ళు పెట్టుకున్న ఇల్లాలు ఇక్కడ అధికారి. బోడి వీపు పెట్ట విషయం. దానికి మళ్ళీ ఈకలు రావడం ప్రయోజనం. నాలుగోదైన సంబంధం మూలంలో ఎంత వెదికినా దొరకదు.

ప్రతిపదార్థం

కుక్కుటములయందు: సులభం.

ఈకల పతనము: పతనం నాలుగు విధాలు. మొదటిది కాలకృతం. ఏడాది దాటిన పెట్ట, పొద్దు కురచయ్యే ఆశ్వయుజ కార్తీకాల్లో పాత ఈకలు విడిచి కొత్తవి వేసుకుంటుంది. తల, మెడ దగ్గర మొదలై తోక దాకా సాగే ఈ పనికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ రోజుల్లో గుడ్లూ ఆగుతాయి. చర్మం మీద గరుకుగా కొత్త మొలకలు చేతికి తగిలితే ఇది రోగం కాదని అర్థం. తెగులనుకొని అలాంటి పెట్టను కూరకు కోసేసే ఇళ్ళు లేకపోలేదు.

రెండోది పుంజుకృతం. వీపు మీద, తల వెనక మాత్రమే బోడిగా ఉంటే అది పుంజు ఎక్కినప్పటి గోళ్ళ పని, ముక్కు పని. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. నాలుగు పెట్టలకు రెండు పుంజులున్న ఇంట్లో ఏ మందూ పనిచేయదు.

మూడోది క్రిమికృతం. ముడ్డి చుట్టూ, రెక్కల కింద ఈకలు విప్పి చూస్తే పేలు పరుగెత్తుతాయి. వాటి గుడ్లు ఈక మొదట్లో గుత్తులుగా అంటి ఉంటాయి. పేను కోడి ఒంటిమీదే బతుకుతుంది. నల్లి వంటి ఎర్ర పురుగు ఇంకొకటి ఉంది, అది పగలు గూటి పగుళ్ళలో దాగి రాత్రి రక్తం తాగుతుంది. పగలు కోడిని చూసి ఏమీ లేదనుకోవడం భ్రమ. ఇక్కడ కడప జిల్లాకు బాగా నప్పిన కారణం ఒకటుంది, నాపబండ. కోడి మన్నుతో స్నానం చేస్తుంది. గుంట గెలికి, దుమ్ము ఈకల్లోకి ఎగజల్లుకొని పేలు దులుపుకుంటుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు బండకు కరువు లేదు కనుక ఇంటి ముందూ వెనకా గోడ దాకా పరిచేస్తారు. కడగడం సులువు, చూపుకు శుభ్రం. కోడికి మాత్రం స్నానాలగది పోయింది.

నాలుగోది పరకృతం, అంటే తోటి కోళ్ళు పీకడం. అది తర్వాతి పదంలోకి వస్తుంది.

పరస్పర పీడనము: మూలకారుడు ఇక్కడ తప్పాడు. కోళ్ళు పరస్పరం పొడుచుకోవు. నార్వే దేశస్థుడు తోర్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బె చిన్ననాటి నుంచి కోళ్ళను గమనించి 1922లో ప్రచురించిన సంగతి ఇది: మందలో పొడవడానికి ఒక వరుస ఉంటుంది. మొదటి కోడి అన్నింటినీ పొడుస్తుంది. చివరిది అన్నింటి చేతా పొడిపించుకుంటుంది, తిరిగి పొడవదు. కచేరీల చుట్టూ తిరిగినవారికి ఇది నార్వే నుంచి తెలియవలసిన విషయం కాదు. వరుస కుదిరిన మంద ప్రశాంతంగా ఉంటుంది. కొత్త కోడి వచ్చినా, పెద్దది పోయినా, చోటు ఇరుకైనా వరుస కదిలి రక్తం కనబడుతుంది. ఎరుపు కనబడ్డాక మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి.

ఈక పీకి తినడం దీనికి వేరు. ఈకలో దాదాపు 90 శాతం మాంసకృత్తులే. జొన్నలు, నూకలు మాత్రమే తిన్న కోడి ఆ లోటును పక్కదాని వీపు మీద తీర్చుకుంటుంది. చెనక్కాయ చెక్క వేస్తున్నాం కదా అనవచ్చు. అందులో మాంసకృత్తులు దండిగానే ఉన్నా, ఈక కట్టుకోవడానికి కావలసిన మెథియోనిన్ తక్కువ. నువ్వుల చెక్కలో, పొద్దుతిరుగుడు చెక్కలో అది ఎక్కువ.

విశేషం

టీకలు కడప సీమకు కొత్త కాదు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తర్వాత అక్కడే బంగళా కొని, పండితులను సొంత ఖర్చుతో పెట్టుకొని తాళపత్రాలు ఎత్తి రాయించాడు, పాఠాలు సరిచూయించాడు, టీకలు చేయించాడు. జూలూరి అప్పయ్య టీకతో మనుచరిత్ర 1851లో అచ్చయింది. అడిగేవాడు పరదేశి అయినప్పుడు పండితుడికి కష్టమైన మాట దాటేసే వీలుండదు. ప్రొద్దుటూరు సంగతి సరేసరి. పుట్టపర్తి నారాయణాచార్యుల శివతాండవం పుట్టింది అక్కడి అగస్త్యేశ్వరాలయంలో. గడియారం వేంకటశేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని ఆ ఊళ్ళోనే కావ్యాలు రాశారు. సంక్రాంతి పందేలవారు తిరగేసే కుక్కుటశాస్త్రానికీ పండితులు తక్కువ లేరు. కాకి, డేగ, నెమలి, పర్ల, సవల అని ఈక రంగును బట్టి ఏ రోజు ఏది గెలుస్తుందో అది చెబుతుంది. ఈకే లేని కోడి దానికి విషయం కాదు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కొలచలమ మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆ లెక్కన ఈ పేరా మొత్తం కొట్టివేయదగినది.

తగు చర్యలు: ఇక్కడ టీక ఆగిపోతుంది. తగినదేదో తెలిసినవారికి ఈ కరపత్రం అక్కర్లేదు, తెలియనివారికి ఇది పనికిరాదు. తెలివి లేక వచ్చిన లోపం కాదిది. ప్రొద్దుటూరులో 2008 నుంచి పశువైద్య కళాశాలే ఉంది. కుక్కుటమని కష్టపడి రాయగలిగిన చేతికి నువ్వుల చెక్క అని రాయడం నామోషీ అయింది, అంతే. అక్షరం రాని జేజి మనవడి చేత ఇది చదివించుకొని “ఇంతకీ ఏం జెయ్యమంటాండార్రా?” అని అడిగితే, వాడి దగ్గర మూలం తప్ప ఏమీ ఉండదు. ఎండలకూ దోమలకూ తెగుళ్ళకూ ఈ ‘తగు’ ఒక్కటే మందుగా పంచుతున్నారు. కాగితం ఖర్చు మాత్రం నిజం.

తాత్పర్యం

రక్తం వచ్చిన పెట్టను ఆ రోజే వేరుచేసి, గాయం మానేదాకా మందలో కలపకూడదు. పొడిచేది ఒకటే కోడి అయితే దాన్నే కొన్నాళ్ళు మరోచోట కట్టేయాలి. తిరిగొచ్చేసరికి వరుసలో దాని చోటు చాలావరకు పోయి ఉంటుంది. కొత్త కోళ్ళను వారం పాటు వల అవతల కనబడేట్టు ఉంచి, తర్వాత రాత్రిపూట గూట్లోకి వదలాలి, అదీ ఒంటరిగా కాదు, జతగా. మేత, నీళ్ళు రెండు మూడు చోట్ల పెట్టాలి. పెరట్లో ఒకటి రెండు బండలు పెకలించి ఆ గుంటలో పొడి మన్ను, జల్లించిన కట్టెల బూడిద పోయాలి. గూటి పగుళ్ళు గీకి సున్నం కొట్టాలి. పేల మందు పశువైద్యుడు చెప్పిన కొలతలోనే వాడి, గుడ్ల నుంచి వచ్చే పేల కోసం వారం పది రోజులకు మళ్ళీ వేయాలి. పొలానికి కొట్టే పురుగుమందు కోడి మీద చల్లరాదు. చెనక్కాయ చెక్క కొంత తగ్గించి నువ్వుల చెక్క కలపాలి. మునగాకు కట్ట గూట్లో వేలాడదీస్తే దాన్ని పొడుస్తూ పక్కదాన్ని మరుస్తాయి. ముక్కు కోయడం పెద్ద ఫారాల పద్ధతి, మన్ను గెలికి తినే పెరటి కోడికి అది కూడు తీసేయడమే. మెడలు తిరిగి, పచ్చగా పారుతూ, ఒకదాని వెనక ఒకటి చస్తుంటే అది ఈకల గొడవ కాదు, కొక్కెర తెగులు. వెంటనే పశువైద్యుడికి చెప్పాలి.

కరపత్రం మళ్ళీ అచ్చుకు వెళ్ళేటప్పుడు ‘తగు చర్యలు’ తీసేసి, ఆ చోట ఈ పేరా వేయగలరు. అనుమతి అక్కర్లేదు.