అబ్బాయి వెనకాల వస్తున్నారాండీ?

1985లో కొవ్వూరు నుంచి రాజమండ్రి కాలేజీకి సైకిలు మీద వెళ్ళేవాణ్ణి. 1974లో వచ్చిన మా రోడ్ కం రైల్ బ్రిడ్జి గురించి అందరూ గొప్పగా చెబుతారు గానీ, అందులో ఒక అన్యాయం ఉంది. రైలేమో కింద నీడపట్టున పోతుంది, సైకిలువాడు పైన ఎండలో మాడాలి. నా మొహానికి చేటు చేసింది ఆ ఎండేనని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పట్లో నేరమంతా మామిడిపండు వేడి మీదకి తోసేశాం.

మొటిమలున్నన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. "వయసురా, అవే పోతాయి" అనేది అమ్మ. అన్నట్టే పోయాయి. పోతూ పోతూ ఒక్కొక్కటీ నల్లగా వేలిముద్ర వేసి మరీ పోయింది. కుడి బుగ్గన పదకొండు, ఎడమన ఏడు. గిల్లేది కుడిచెయ్యి కదా మరి!

ఆత్రేయపురం అత్తయ్య చూసి, "ఏవిట్రా ఆ మొహం, అక్కడక్కడా మాడిన అట్టులాగ!" అని జాజికాయ సాన మీద పాలతో అరగదీసి పట్టించింది. పక్కింటి మామ్మగారిది శనగపిండీ పసుపూ వైద్యం. ఆ పసుపు వదలక అలాగే కాలేజీకి బయల్దేరితే, బ్రిడ్జి మీద ఎదురొచ్చిన పెద్దమనిషి సైకిలాపి "ఎక్కడండీ జాతర?" అన్నాడు. నిమ్మకాయ మాత్రం నా సొంత తెలివి. రసం రాసుకుని రోహిణికార్తె ఎండలోకి వెళ్ళాను. చర్మం కమిలి పదకొండు కాస్తా పద్నాలుగయ్యాయి.

ఆ తర్వాత ఒక మందుల షాపాయన "ఆయ్, ఇది రాయండి, వారంలో తేడా మీకే తెలుస్తాది" అని ట్యూబొకటి చేతిలో పెట్టాడు. నిజంగానే తేటపడ్డాను. ఆపగానే పాత మొటిమలు కొత్త చుట్టాల్ని వెంటేసుకుని దిగాయి. అది స్టెరాయిడ్ మందట. అలాంటి పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం కట్టడి చేసింది. నా బుగ్గ లెక్కన ముప్పై ఏళ్ళు ఆలస్యం.

నిజంగా మచ్చలు పోగొట్టిన ఘనుడు ఫోటో స్టూడియో ఆయనే. మొహం మీద నల్లమచ్చ నెగటివులో తెల్లగా ఉంటుంది. అక్కడ సన్నటి పెన్సిలుతో గీతలు గీస్తే ప్రింటులో మచ్చ మాయం. ఆ నున్నటి ఫోటో అమలాపురం సంబంధానికి పంపారు. పెళ్ళిచూపులకి వెళితే కాబోయే మావగారు నన్ను చూసి, నా భుజం మీదుగా వీధిలోకి చూసి, "అబ్బాయి వెనకాల వస్తున్నారాండీ?" అన్నారు.

అయినా కుదిరింది. ఆ ఫోటో ఇప్పటికీ మా ఆవిడ బీరువాలోనే ఉంది. కోపం వచ్చినప్పుడల్లా తీసి, "నేను ఒప్పుకున్నది ఈయన్నండీ" అంటుంది.

పెళ్ళయ్యాక కాకినాడలో చర్మం డాక్టరుగారికి చూపించాను. మచ్చ వేరు, గుంట వేరు, మంగు వేరన్నారాయన. మొటిమ వాపుకి బెదిరి చర్మం మెలనిన్ అనే రంగుని ఎక్కువ పోస్తుందట, మనలాంటి చామనఛాయ వాళ్ళకి మరీను. అది పైపొరలో ఉంటే నెలల్లో పోతుంది, లోపలికి దిగితే ఏళ్ళు పడుతుంది. గిల్లినకొద్దీ, ఎండ తగిలినకొద్దీ ముదురుతుంది. "చేతులు జేబులో ఉంచుకోండి, గొడుగు వేసుకోండి" అన్నారు. రెండూ ఒకేసారి ఎలాగో మాత్రం చెప్పలేదు.

గొడుగు పట్టుకున్నాను. ఏడాదిన్నరలో మచ్చలు చాలావరకు వెలిసిపోయాయి.

అదంతా తన జాజికాయ మహిమేనని అత్తయ్య ఇప్పటికీ ఊరంతా చెబుతుంది. నేను కాదనను. ప్రతి వేసవికీ మాకు మామిడి తాండ్ర ఆవిడ దగ్గర్నుంచే వస్తుంది.