బేగి బృందం

పాతపట్నం బస్టాండు దగ్గర టీకొట్టు బల్ల మీద సాయంత్రాలు ముగ్గురు కూర్చుంటారు. ఆఫీసులో ఉద్యోగమంతా రెండు వేళ్లతో నెట్టుకొచ్చి రిటైరైన గుమాస్తా గారు. ఎరుపూ నీలం లైట్లు వెలిగే కీబోర్డును ఆన్‌లైన్లో తెప్పించుకున్న వేగం వీరుడు. ఫోన్ను నోటి దగ్గర పెట్టుకుని అన్నీ దానిచేతే రాయించే నోటిటైపు కుర్రాడు. ఎదుటి మేడ మీద ఇన్‌స్టిట్యూట్ నడిపే టైపు మాస్టారు టీకి దిగితే చాలు, తగువు మొదలు.

“మాస్టారూ, ఇంకా ఆ గోద్రెజ్ మిషన్లేటి?” అన్నాడు వీరుడు. “అవి తయారు సేసీవోళ్లే ఆపీసినారు గదా.”

“ఆపీసినారు. 1955లో మొదలెట్టి 2009లో ఆపీసినారు. పరీక్షలు ఆగలేదు బాబూ, సాంకేతిక విద్యా మండలి ఇప్పటికీ పెడతంది. ఇంగ్లీషు లోయర్‌కి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. నీకెంతొస్తాది?”

“తొంబై!”

“తప్పులు తీసేశాక?”

వీరుడు టీ గ్లాసు అడుగున ఏదో పరిశీలించసాగాడు.

గుమాస్తా గారు గొంతు సవరించుకున్నారు. “నాకు తొంబై అక్కర్లేదు గాని మాస్టారూ, ఈ రెండు వేళ్లూ ఇన్నాళ్లు గవర్నమెంటుని మోసీసినాయి. అక్షరం ఎక్కడుందో చూసి కొడితే తప్పేటి? కళ్లున్నది చూడ్డానికే గదా?”

“కళ్లు కాగితం మీదుండాలండీ. 1888 జూలై 25న అమెరికాలో, సిన్సినాటీలో, ఇద్దరు 500 డాలర్లు పందెం కాసుకున్నారు. లూయీ ట్రాబ్ అని ఒకాయన, నాలాగే టైపు పంతులు, మీలాగే చూసి కొట్టేవాడు. రెండో ఆయన ఫ్రాంక్ మెగర్రిన్, సాల్ట్‌లేక్ సిటీ కోర్టులో షార్ట్‌హ్యాండ్ రాసేవాడు. ఆయన మీటల వైపు కన్నెత్తి చూడడు. కాగితం చూసి ఎక్కించే వంతు వచ్చేసరికి ట్రాబ్ గారి మెడకి పని ఎక్కువైపోనాది, వేళ్లకి తక్కువైపోనాది. మెగర్రిన్ గెలిచాడు.”

“ఆయనది ఏ కీబోర్డు?” వీరుడు ఆత్రంగా ముందుకు వంగాడు.

“రెమింగ్టన్.”

“అంటే మెకానికలే! నాను సెప్పలేదా?”

“లైట్లు మాత్రం లేవు” అన్నారు మాస్టారు.

నోటిటైపు కుర్రాడికి నవ్వొచ్చింది. “వేళ్లేటి, మెడలేటి! ఇక్కడినించి సరిహద్దు దాటితే పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులుగారు అక్కడ కూసుని ఏటన్నారు? మాటాడినట్టే రాయమన్నారు. నాను అదే సేస్తన్నాను. ఫోనుకి సెప్తన్నాను, అది రాసీస్తంది.”

వ్యావహారిక భాషోద్యమానికి ఇంత సుఖవంతుడైన వారసుడు దొరుకుతాడని ఎవరూ అనుకుని ఉండరు. సవరల భాష పట్టుకోవడానికి కొండ ఊళ్లు తిరిగి, జ్వరాలు తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్న మనిషి గిడుగు. ఆ సంగతి మాస్టారు ఎత్తలేదు. “నిన్న కరెంటాఫీసుకి రాసిన అర్జీ ఓసారి సదువు” అన్నారంతే.

కుర్రాడు ఫోన్ తీసి చదివాడు: “అయ్యా, మా వీధిలో స్తంభం మీద దీపం రెండు టీ ఒకటి పంచదార తక్కువ వెలగడం లేదు.”

టీకొట్టు వాడొక్కడే నవ్వలేదు. ఆ మాటలు అతనివే.

మాస్టారు ముగ్గుర్నీ మేడ మీదికి లాక్కుపోయారు. అక్కడ లోయర్‌కి కట్టిన గుంట ఒకత్తె కూర్చుని ఉంది. పాదాలు నేల మీద, మోచేతులు ఒంటికి దగ్గరగా, మణికట్లు బల్లకి ఆనకుండా, భుజాలు జారవిడిచి. ఆమె వేగంగా కొడుతున్నట్టు ఎవరికీ అనిపించలేదు. చప్పుడు మాత్రం ఒకే తీరుగా వస్తోంది. పాత మిషన్ల మీద ఈ నడక తప్పనిసరి. తొందరపడి రెండు మీటలు ఒకేసారి నొక్కితే అక్షరాల కడ్డీలు ఒకదాన్నొకటి పట్టుకుని ఆగిపోతాయి. కంప్యూటర్‌కి ఆ శిక్ష లేదు. పైగా చెరిపే మీట ఉంది. వీరుడి కీబోర్డు మీద అన్నిటికంటే అరిగింది అదే. అలాగని మిషన్ మీద నేర్చినవాళ్లంతా పుణ్యాత్ములు కారు. మేకు కొట్టినట్టు కొట్టే అలవాటును కంప్యూటర్ దాకా మోసుకొచ్చి, సాయంత్రానికి వేళ్లు నొక్కుకునే వాళ్లు ఏ ఆఫీసులోనైనా కనిపిస్తారు.

“ఎఫ్ మీదా జె మీదా వేలు పెట్టి తడమండి” అన్నారు మాస్టారు, పక్కనున్న లాప్‌టాప్ చూపించి.

గుమాస్తా గారు తడిమారు. “చిన్న గీతల్లాంటివేవో ఉన్నాయే! మా ఆఫీసు కీబోర్డుకీ ఉండేవి. మురికి అనుకుని గోటితో గీకీసీవోణ్ని.”

“చూపుడు వేళ్ల ఇళ్లవి. చూడకుండానే తెలియాలని పెట్టారు.”

“ఇంగ్లీషుకి సరే, తెలుక్కేటి?” వీరుడు అడ్డుపడ్డాడు.

ఈ ప్రశ్న కోసమే మాస్టారు లాప్‌టాప్ తెరిచి ఉంచారు. అందులో ఉన్నది ఇన్‌స్క్రిప్ట్. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ చేయించింది. 1991లో భారతీయ ప్రమాణంగా ఖాయమైంది. విండోస్‌తో పాటే వస్తుంది, పైసా పెట్టక్కర్లేదు. గుణింతాల గుర్తులు దాదాపు అన్నీ ఎడమ చేతి వైపు, హల్లులు చాలావరకు కుడి చేతి వైపు. దాంతో తెలుగు మాట కొడుతుంటే ఒక చేతి తర్వాత ఇంకో చేతికి పని తగులుతుంది. డీటీపీ వాళ్లు యాపిల్, మాడ్యులర్ అమరికలకు అలవాటుపడి ఇటు రాలేదు. మిగతా జనం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటూ ఉండిపోయారు. ఇంత పనికొచ్చేదాన్ని బడుల్లో ఎక్కడో తప్ప నేర్పకపోవడం విచిత్రం.

“పాతపట్నం కొట్టమ్మా.”

గుంట తెర వైపే చూస్తూ కొట్టింది. ప, దీర్ఘం, త, ప, ట, పొల్లు, న, సున్న. ఎనిమిది నొక్కులు. అందులో ఐదు వేళ్లు ఆనించి ఉంచే నడిమి వరసలోనే. షిఫ్టు అవసరం రాలేదు. వీరుడు తన పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. పదకొండు నొక్కులు, వాటికి తోడు ‘ట’కి ఒకటీ సున్నకి ఒకటీ రెండు షిఫ్టులు. ఆ రెండూ మరిచిపోవడంతో తెర మీద ఊరి పేరు ఇంకేదో అయింది.

“ఇది బేగి రావాలంటే ఎన్నాళ్లు పడతాది?”

“బేగి సంగతి మరిచిపో. రోజుకో గంట, తప్పు లేకుండా, మెల్లగా. కొన్నాళ్లు ఇప్పటికంటే నెమ్మదైపోతావు కూడా.”

“నెమ్మదైపోడానికి ఫీజు కట్టాలేటి?” వీరుడు మెట్ల వైపు నడిచాడు. ఇంకా మెత్తటి స్విచ్చులున్న కీబోర్డు ఒకటి ఆఫర్లో ఉందట. నోటిటైపు కుర్రాడు ఫోనుకి ఏదో చెప్పుకుంటూ వెంట వెళ్లాడు.

గుమాస్తా గారు ఆగారు. పింఛను బకాయి గురించి అర్జీ ఒకటి పెట్టాలి. ఈ గుంట రెండు నిమిషాల్లో కొట్టేస్తే పనైపోతుంది. కుర్చీ లాక్కుని, సర్వీసంతా పై అధికారుల చేత చెప్పించుకున్న మనిషి మొదటిసారి తానే చెప్పడం మొదలుపెట్టారు.

“మహారాజశ్రీ ట్రెజరీ అధికారి వారి సముఖమునకు...” అని, ఆ తర్వాత ఏ మాట వాడాలో తోచక పైకప్పు వైపు చూశారు.

“కొట్టీసినాను తాతగారూ” అంది గుంట. “తరవాత?”