కాశీలో వదిలిన కాకరకాయ

కోరికల్ని జయించడానికి తెలుగువాళ్లు కనిపెట్టుకున్న దగ్గరి దారి కాశీయాత్ర. ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి రావాలి. నిజానికి ఆ తంతు చాలామంది జరిపేది గయలో, పితృదేవతలకు పిండాలు పెట్టాక, అక్షయవటం దగ్గర. ఊరికొచ్చాక మాత్రం అందరూ ‘కాశీలో వదిలేశాం’ అనే అంటారు. గయ అంటే మళ్లీ కథంతా చెప్పాలి.

వదలాల్సింది ఇష్టమైనదాన్ని. మన తెలివంతా ఇక్కడే బయటపడుతుంది.

బాబాయి, పిన్నితో పాటు నేనూ సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కాజీపేట రాకముందే ఏం వదలాలన్న చర్చ మొదలై బల్లార్షా దాకా సాగింది. వంకాయ పేరెత్తగానే పై బెర్తు మీది పెద్దాయన, మాకేమీ కానివాడు, “గుత్తివంకాయ లేకుండా ఎలా బతుకుతారండీ!” అని లేచి కూర్చున్నాడు. మామిడిపండు అంటే బాబాయి చెవులు మూసుకున్నాడు. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కదా, అలాంటిదాన్ని వదిలితే రాష్ట్రానికి ద్రోహమట. గోంగూర మాటెత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చివరికి పండ్లలో డ్రాగన్ ఫ్రూట్, కాయల్లో కాకరకాయ ఏకగ్రీవంగా ఎన్నికయ్యాయి. మొదటిదాన్ని మా ఇంట్లో ఎవరూ కొన్న పాపాన పోలేదు. రెండోదాన్ని బాబాయి బుద్ధెరిగాక ముట్టింది లేదు.

“కామక్రోధాలు వదిలితే ఇంకా పుణ్యం,” అంది పిన్ని, కిటికీలోంచి చూస్తూ.

“కోపం వదిలేస్తే స్టేషన్లో ఆటోవాడితో బేరం నువ్వాడతావా?” అన్నాడు బాబాయి.

పితృదేవతలు అమాయకులేం కాదు. తిరిగొచ్చిన కొన్నాళ్లకు పిన్ని కాకరకాయల్లో కారం కూరి సన్నసెగ మీద వేయిస్తుంటే, బాబాయి పేపరు మడిచి వంటింటి వైపు చూశాడు. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఉన్న వాసనే. ఆయన ముక్కుకు తగలడం మాత్రం అదే మొదలు. ఆ పూట పప్పన్నం తింటూ పక్క కంచాల్లోకి చూసిన చూపు నేను చూడలేకపోయాను.

1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, తన బృందంతో కలిసి, విద్యార్థుల్ని కూర్చోబెట్టి “తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దు, తలపుకొస్తే గంట కొట్టండి” అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత “ఇక తలుచుకోండి” అంటే, మొదటినుంచీ హాయిగా తలుచుకున్నవాళ్లకన్నా వీళ్లకే అది ఎక్కువసార్లు గుర్తొచ్చింది. మందు మింగేటప్పుడు కోతిని తలుచుకోవద్దన్న మన పల్లెటూరి వైద్యుడికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. గంట కొనే స్తోమత లేక ఊరుకున్నాడు.

బాబాయి నిగ్రహం వానాకాలం దాకా నిలబడింది. నాలుగు చినుకులు పడగానే బజారులోకి ఆకాకరకాయలు దిగాయి. హైదరాబాద్‌లో బోడకాకర అంటారు. దాని ధర వింటే కోడికూరే చవకనిపిస్తుంది. బేరం కూడా ఆడకుండా కిలో తెచ్చాడు బాబాయి.

“నేను వదిలింది కాకరకాయని. ఇది ఆకాకరకాయ. జాతే వేరు,” అన్నాడు, లా పాయింటు తీస్తూ.

వృక్షశాస్త్రం ఆయన పక్షానే ఉంది, కాకపోతే సగమే. జాతులు వేరైనా రెండిటి ఇంటిపేరూ మొమోర్డికాయే. ఆ మాట నేను నోరు జారి చెప్పాను.

“అంటే దాయాదులన్నమాట. గిట్టకపోయినా మైల తప్పదు,” అంది పిన్ని. అంటూనే మూకుడు పొయ్యి మీద పెట్టింది.

కూర అడుగంటా ఊడ్చేశాడు. ఇప్పుడు పంతులుగారికి ఫోన్ల మీద ఫోన్లు: కాకరకాయని వెనక్కి తీసుకుని, బదులుగా సొరకాయ ఇస్తే గయలో ఒప్పుకుంటారా అని.