బొక్కల పెద్దనాయన

కేతేపల్లి స్టేజీలో బస్సు దిగేటప్పుడు మోకాలు పట్టుకోకండి. ‘అమ్మా’ అని అసలే అనకండి. అన్నారో, వేపచెట్టు కింది బల్ల మీంచి ఒక గొంతు లేస్తుంది.

"ఇటు రా బిడ్డా. బొక్కనా, నరమా?"

ఆయనే మా బొక్కల పెద్దనాయన. ఇలాంటి ఆయన ఊరికొకరుంటారు. కొన్ని ఊళ్లలో షుగరు చెబుతారు, కొన్ని ఊళ్లలో గ్యాసు. మాది నల్గొండ జిల్లా కాబట్టి మా వాటాకు బొక్కలొచ్చాయి.

విజయవాడ పోతున్న కారాయన ఒకరు చాయ్ కోసం ఆగి, దిగీ దిగగానే నడుం విరుచుకున్నాడు. పెద్దనాయన ఊరుకుంటాడా! "సారూ, మనిషి ఒంట్ల రెండు వందల ఆరు బొక్కలుంటయి. మీయి మస్తు అరిగినయి" అన్నాడు. పాపం ఆ పెద్దమనిషి చొక్కా ముందూ వెనకా తడిమి చూసుకున్నాడు. విజయవాడ దిక్కు బొక్క అంటే చిల్లు మరి. ఆస్టియోపొరోసిస్‌ను పుస్తకాల్లో ‘ఎముకలు గుల్లబారడం’ అని రాస్తారు గానీ, ఆ తెలుగూ ఈ తెలుగూ కలిపితే రెండు ముక్కల్లో తేలిపోయేది: బొక్కల్లో బొక్కలు.

ఆయన పరీక్షకు యంత్రం అక్కర్లేదు. మోకాలి చిప్ప మీద అరచెయ్యి వేసి "వంచు" అంటాడు. టక్కుమంటే అరిగిపోయినట్టు. చప్పుడు రాకపోతే లోపల అంటుకుపోయినట్టు. రెండింటికీ కారణం ఒకటే.

"ఫ్లోరైడ్."

ఆ మాట అన్నాక కండువా దులిపి భుజాన వేసుకుంటాడు. ఇక అప్పీలు లేదు. పన్ను ఊడినా ఫ్లోరైడే, నడుం పట్టినా ఫ్లోరైడే, మనవడు లెక్కల్లో తప్పినా ఫ్లోరైడే.

నవ్వి తీసిపారేసే మాట కాదది. మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరునీళ్లు తాగి వంగిపోయిన మనుషుల్ని దేశమంతా చూసింది. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ అక్కడ ఎన్నో రెట్లు ఉండేది. అప్పటి ఉమ్మడి రాష్ట్రపు ఫ్లోరైడ్ ఊళ్లలో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్లు వంకరపోయిన పిల్లల గురించీ, వాళ్ల బొక్కలు గుల్లబారడం గురించీ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు 1973లోనే ‘లాన్సెట్’ పత్రికలో రాశారు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్గొండ పద్ధతి’ అనే పేరు. అది ఆఫ్రికా దాకా పోయింది. వేరే జిల్లాలు మామిడిపండుకో చీరకో పేరు తెచ్చుకుంటాయి, మాకు ఇది దక్కింది.

ఇంకో చిత్రముంది. ఇదే ఫ్లోరైడ్‌ను అమెరికాలో, మేయో క్లినిక్ డాక్టర్లు గుల్లబారిన బొక్కలకు మందుగా నాలుగేళ్లు ఇచ్చి చూశారు. 1990లో ఫలితం చెప్పారు: వెన్నుపూసల్లో సాంద్రత బ్రహ్మాండంగా పెరిగింది, విరగడం మాత్రం తగ్గలేదు. గట్టిగా కనబడుతుంది, పెళుసుగా ఉంటుంది. మా బోర్లు ఊరికే పోసిన మందును వాళ్లు గోళీ చేసి మింగించారన్నమాట.

అయితే ఇంత పేరుమోసిన దొంగ ఊళ్లో ఉంటే చిల్లర దొంగలకు పండగే. పోలీసు అటే చూస్తుంటాడు. పెద్దనాయన కొంపలోనే అరడజను మంది దూరారు.

చుట్ట ఒకటి. ఫ్లోరైడ్ మీద ప్రతి ఉపన్యాసానికీ ఒక చుట్ట కాలాల్సిందే. పొద్దుగూకితే కల్లు. "ముంతకు సున్నం రాస్తరు గద, అండ్ల కాల్షియం ఉంటది" అని దానికో శాస్త్రం. పగలంతా నీడన కూర్చోవడం, అదీ నెత్తిన తువ్వాల కప్పుకుని. మా దిక్కు ఎండను దాచుకుంటే దేశానికే సరిపోతుంది, ఆయన ఒంటి మీద మాత్రం డి విటమిన్‌కు సరిపడా కూడా పడదు. బోరునీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ చచ్చిపోతుందని ఆయన నమ్మకం. కాస్తే పోయేది నీళ్లే, అది మిగిలి మరింత చిక్కబడుతుంది. చెబితే, "నువ్వు చదువుకున్నవు, నేను కాసిన" అన్నాడు.

అన్నిటికన్నా పెద్ద ఘనుడు పొడి మందు. ఎవరో సంతలో ఇచ్చిన పొట్లం. మూడు పూటలకే నొప్పులు మాయం. రెండు నెలల్లో పెద్దనాయన ముఖం గుమ్మడికాయలా నిండింది. "మందు వట్టింది, ఒళ్లు చేసిన" అని బల్ల మీద అందరికీ చెంపలు చూపించాడు. స్టెరాయిడ్ కలిస్తే ముఖం అలాగే ఉబ్బుతుంది, లోపల బొక్క అలాగే కరుగుతుంది. చెంపలైతే కనబడతాయి గదా!

పెద్దమ్మ సంగతి ఎవరూ చూడలేదు. ముప్పై అయిదు దాటకముందే గర్భసంచి తీయించుకున్న మనిషి. గర్భసంచి ఆపరేషన్లలో దేశం మొత్తం మీద మన రెండు తెలుగు రాష్ట్రాలదే ముందువరుస. బర్రె పాలు చెంబు అడుగు కనబడేదాకా కేంద్రానికి పోస్తుంది. మిగిలిన తడి పెద్దనాయన చాయ్‌లోకి. ఈ మధ్య పైఅరలో మామిడికాయ తొక్కు జాడీ అందడం లేదని పీట వేసుకుంటోంది. "అర ఎత్తు వెట్టిండ్రా ఏంది?" అని మేస్త్రీని తిట్టింది. అర ఉన్నచోటే ఉంది. తగ్గింది ఆమె.

శ్రావణంలో జాలాట్లో జారి చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. ఆటోలో సూర్యాపేట దాకా పెద్దనాయన ఒకటే మాట. డాక్టరు దగ్గరా అదే మొదలెట్టాడు, "ఫ్లోరైడ్ సారూ..."

డాక్టరు ఆయన వైపు చూడలేదు. "గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీశారా అమ్మా?"

"ఏం దీసిండ్రో నాకు సూపిచ్చిండ్రా సారూ?"

అవి పోతే బొక్కకు కావలి ఉండే హార్మోన్ పోతుందన్నాడాయన. మామూలు వయసులో నెలసరి ఆగిన ఆడవాళ్లకే బొక్కలు పలచబడతాయి, ఈమెకు పదేళ్లకు పైగా ముందే కావలి లేచిపోయింది. రోజుకు వెయ్యి మిల్లీగ్రాములకు తక్కువ కాకుండా కాల్షియం పోవాలి, పాలు తాగుతావా అనడిగాడు. పెద్దమ్మ పెద్దనాయన ముఖం చూసింది. నువ్వులు, తైదంబలి, కాసేపు ఎండ, నడక, జాలాట్లో పాచి గీకించడం అని డాక్టరు చెబుతుంటే పెద్దనాయన మెల్లగా చుట్ట బొడ్లోకి తోశాడు.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి పెద్దమ్మ వాకిట్లో ఎండలో నిలబడి, కట్టు లేని చేత్తో పెద్ద గ్లాసు పట్టుకుని నిదానంగా తాగుతోంది. నురగ పైపెదవికి అంటింది. పెద్దనాయన లోపల పీట ఎక్కి తొక్కు జాడీ దించుతున్నాడు.

"మరి నా చాయ్?" అన్నాడు అక్కణ్నుంచే.

"డికాషిన్ ఉన్నది తాగు" అంది.