మా ఊరి బ్యానర్జీ

నౌపడ స్టేషన్లో బండి దిగి బ్యానర్జీ ఇల్లెక్కడని అడగండి. ఆటో కుర్రాడి దగ్గర్నుంచి పకోడీల బండావిడ దాకా ఎవరైనా చూపిస్తారు. అది అతని ఇంటిపేరు కాదు. హౌరా పోయే బళ్లు మా ఊరి మీదుగా పోతాయన్న మాటే తప్ప బెంగాలుతో అతనికి ఏ చుట్టరికమూ లేదు. రోజుకి పదిసార్లు ‘ఇది బ్యాన్ చెయ్యాలి’ అంటాడు కాబట్టి స్టేషను రోడ్డు కుర్రాళ్లు ఇచ్చిన బిరుదు అది. వాళ్లమ్మ కూడా ఇప్పుడు అదే పేరుతో పిలుస్తోంది.

మనిషికి ముప్పై దాటాయి. ఉప్పు మడుల దగ్గర లారీలకి బస్తాల లెక్క రాస్తాడు. ఎండలు మండి ఉప్పు పండే రోజుల్లో అతనికి ఊపిరాడదు. ఒక్క వాన పడిందా, మడులు నీళ్లై పని ఆగిపోతుంది. ఆ రోజు టీ కొట్టు బల్ల మీద చేరి, లోకంలో లేని జంతువులన్నిటికీ శిక్షాస్మృతి రాస్తాడు. బస్తా తూకంలో కిలో తేడా వచ్చినా ‘పోన్లే బాబూ’ అని సర్దుకునే మనిషి, ఫోనులో ఏదో ఎలకకి బలం ఎక్కువిచ్చారని తెలిస్తే రాత్రి అన్నం మానేస్తాడు.

అతని దగ్గర రెండు ఫోన్లుంటాయి. ఒకటి ఆటకి, ఒకటి వాదనకి. వాదన ఫోనుకే చార్జింగు ముందు అయిపోతుంది.

ఆట సంగతి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. పోకేమాన్ అనే ఆట 1996లో జపానులో పుట్టింది. అడవుల్లో, చెరువుల్లో, గుహల్లో తిరిగే వింత జంతువుల్ని పట్టుకుని, పెంచి, ఎదుటివాడి జంతువుల మీదకి వదలాలి. నీరు నిప్పుని ఆర్పుతుంది, నిప్పు గడ్డిని కాలుస్తుంది, గడ్డి నీటిని తాగేస్తుంది. అలా మొదలైన జాతులు ఇప్పుడు 18. జంతువులు వెయ్యి దాటాయి. ఒక్కోదానికి నాలుగేసి ఎత్తులు. ఆట కొనే స్తోమత లేకపోయినా ఫరవాలేదు, బ్రౌజర్లో పోకేమాన్ షోడౌన్ తెరిస్తే ఊరికే కొట్టుకోవచ్చు. ఇంత సరంజామా ఉన్నచోట ఎవడి జంతువు అన్యాయంగా బలమైనదన్న తగువు రాకుండా ఎలా ఉంటుంది? ఆ తగువుకి మా నౌపడ శాఖ అధిపతి బ్యానర్జీ.

ఇతనికి ఈ పిచ్చి 2016 డిసెంబరులో పట్టింది. జియో వాళ్లతో చెయ్యి కలిపి పోకేమాన్ గో మన దేశంలోకి అడుగుపెట్టిన నెల అది. నడుస్తూ జంతువుల్ని పట్టే ఆట కదా, పొద్దున్నే ఉప్పు గట్ల మీద ఫోను ఎత్తిపట్టుకుని తిరిగేవాడు. తేలినీలాపురం కొంగల్ని లెక్కపెట్టడానికి వచ్చిన అటవీశాఖ మనిషి అనుకుని ఒకరిద్దరు దండం కూడా పెట్టారు. ఆ ఆటలో గ్రేట్ లీగని ఒక పోటీ ఉంది. 1500 బలం దాటిన జంతువుని అందులోకి రానివ్వరు. ఆ లెక్కలో దాడికి విలువ ఎక్కువ కట్టడంతో, దాడిలో సున్నా వచ్చి ఓర్పులో నిండా మార్కులొచ్చిన జంతువే చాలాసార్లు మేలు. అన్నిటా నూటికి నూరు తెచ్చుకున్నది అక్కడ వెనకబడిపోతుంది. ఈ రహస్యం కనిపెట్టిన రోజున బ్యానర్జీ ఇంటిల్లిపాదినీ కూచోబెట్టి గంటసేపు చెప్పాడు. అంతా విని వాళ్లక్క అడిగింది:

“అయితే మా గుంటడికి లెక్కల్లో నూరు రావాలా, వద్దా? అది సెప్పు ముందు.”

ఆ గుంటడే కథలో ప్రతినాయకుడు. ఎనిమిదో తరగతి. మేనమామ దగ్గరే ఆట నేర్చాడు, మేనమామ మీదే ప్రయోగిస్తాడు. ఒక ఆదివారం మామ జంతువులు ఆరింటినీ వరసగా నిద్రపుచ్చి, గురకపెడుతున్నవాటిని తీరిగ్గా కొట్టి గెలిచాడు.

“ఒరే, ఆరింటినీ పడుకోబెట్టీడం ఏటిరా? రూలు నేదా?”

“నిద్దరొస్తే పడుకుంటాయి మావా. నువ్వు డ్యూటీలో పడుకోవేటి?”

టీ కొట్టు నవ్వింది. బ్యానర్జీ నవ్వలేదు. వాదన ఫోను తీశాడు. స్మోగన్ అని 2004 నుంచి ఉన్న అభిమానుల సంఘం ఒకటుంది, ఈ పోటీలకి వాళ్లు రాసుకున్న ధర్మశాస్త్రం ఉంది. దాని ప్రకారం ఎదుటివాడి జంతువుల్లో ఒక్కసారి ఒక్కదాన్నే నిద్రపుచ్చాలి. దెబ్బ తగలకుండా తప్పించుకునే గుణం పెంచే ఎత్తులు కూడదు. నూటికి ముప్పైసార్లే తగిలినా, తగిలితే ఒక్క దెబ్బకి పడగొట్టేవీ కూడదు. 2024కి వచ్చేసరికి కొత్త తరం ఆటలోని ప్రధాన విభాగంలో నిద్రపుచ్చే ఎత్తుల్నే మొత్తంగా తీసేశారు. ఇదంతా అతను చదివి వినిపిస్తూంటే టీ చల్లారిపోయింది.

న్యాయానికి చెప్పాలంటే, తను ఓడనప్పుడు బ్యానర్జీ చెప్పే పురాణం వినదగ్గది. మొదటి ఆటలో మనోబలం జాతి జంతువులు దొరల్లా ఏలేయట. వాటిని లొంగదియ్యడానికి పెట్టిన దెయ్యం జాతి దెబ్బలు ప్రోగ్రాములో పొరపాటువల్ల వాటిమీద అసలు పనే చెయ్యలేదు. కాపలాకి పెట్టిన కుక్క దొంగని చూసి తోకాడించింది. 1999లో చీకటి, ఉక్కు అని రెండు జాతులు కొత్తగా తెచ్చి ఆ దొరతనం దించారు. తర్వాత డ్రాగన్లు పేట్రేగితే 2013లో ఫెయిరీ జాతిని దింపారు. రెక్కలున్న చిన్న పిల్లలాంటిది వచ్చి నిలబడితే డ్రాగన్ దెబ్బ దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. “సూసినారా, అధర్మం పెరిగినప్పుడల్లా కంపెనీవోడే అవతారం ఎత్తుతాడు” అంటాడు చేతులు జోడించి. ఆ క్షణంలో అతను మాకు గురువు.

గురుత్వం ఆట మొదలయ్యేదాకానే. అతని శాస్త్రంలో సూత్రం ఒక్కటే: తనని ఓడించింది ‘బ్రోకెన్’, తను గెలిచింది ‘స్కిల్’. అతని ఇష్టదైవం చారిజార్డ్, నిప్పులు కక్కే ఎగిరే బల్లి. ఎదుటివాడు నేలమీద స్టెల్త్ రాక్ అనే రాళ్లు పరిచాడంటే, పాపం అది బరిలో కాలుపెట్టగానే సగం రక్తం పోతుంది. మామూలు జంతువుకి పోయేది ఎనిమిదో వంతే. అందుకని రాళ్లని బ్యాన్ చెయ్యాలి. సరే. మరి అతను మోసుకు తిరిగే గార్చాంప్ సంగతేమిటి? మేనల్లుడు పాత చరిత్ర తవ్వి తీశాడు.

“మావా, నాలుగో తరం ఆటలో ఈ గార్చాంప్‌నే బ్యాన్ చేసీసినారట కదా?”

మా స్టేషన్నుంచి గుణుపురం పోయే లైను ఉంది. 1900లో పర్లాకిమిడి రాజావారి హయాంలో నేరోగేజిగా మొదలై, 2011లో బ్రాడ్‌గేజి అయింది. బ్యానర్జీ చూపు అటు పోయింది. బుర్ర వెలిగింది.

“నేరోగేజి నాటి రూలు తెచ్చి బ్రాడ్‌గేజి మీద పెడతావేటిరా? అది రద్దయిపోనాది.”

అదే తరానికి చెందిన రాళ్ల రూలు మీద మాత్రం అతని పోరాటం నేటికీ రద్దు కాలేదు.

ఇంకో సౌలభ్యం, ఈ లోకంలో రెండు కోర్టులున్నాయి. ఒకటి అభిమానుల సంఘం, ఇద్దరూ ఒక్కో జంతువుతో తలపడే పద్ధతి. రెండోది కంపెనీవారి అధికారిక పోటీ. అందులో జంతువులన్నిటినీ 50వ స్థాయికి తెచ్చి, ఆరింటిని చూపించి, నాలుగింటిని ఎంచుకుని, జంటలుగా ఆడాలి. ఒకే వస్తువు రెండింటికి ఇవ్వకూడదు. ఒక కోర్టులో నేరమైంది రెండో కోర్టులో పండగ. 2019లో వచ్చిన ఆటలో జంతువు మూడు విడతలపాటు కొండంత పెరిగిపోయే డైనమ్యాక్స్ అనే మాయ పెట్టారు. అభిమానులు నెల తిరిగేసరికి ప్రధాన విభాగంలో నిషేధించారు, కంపెనీవారి పోటీకి అప్పట్లో అదే అలంకారం. మా బ్యానర్జీ ఏ కోర్టుకి వెళ్తాడంటారా? ఆ పూట ఓడిన తీరుని బట్టి ఉంటుంది.

ఇదంతా వింటూ బల్ల చివర కూచునే తాతగారొకాయన ఒకరోజు చుట్ట తీసి అన్నారు: “ఇదేటి కొత్త? మనోళ్లు కోళ్లకి ఎప్పుడో రాసీసినారు.” నిజమే. కుక్కుట శాస్త్రం తెరిస్తే డేగ, కాకి, నెమలి, పింగళ అని రంగుల జాతులు, ఏ వారం ఏ రంగు దేనిమీద గెలుస్తుందో పట్టికలు. 12వ శతాబ్దం నాటి పల్నాటి కథలో నాగమ్మ, బ్రహ్మనాయుడు వేసుకున్న పందెం షరతు ఏడేళ్ల వనవాసం. ఓడిన పక్షం ఊళ్లు వదిలిపోయింది. ఆ పందెంలో మోసం జరిగిందన్న వాదన ఇప్పటికీ చల్లారలేదు. కోళ్లని కొట్లాడించడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం కాబట్టి, ఫోనులో ఎలకల్ని కొట్లాడించడమే నయం. అక్కడ ఎవరికీ రక్తం రాదు. బ్యానర్జీకి బీపీ వస్తుంది.

పోయిన సంక్రాంతికి కుర్రాళ్లు చిన్న పోటీ పెట్టుకున్నారు. గెలిచినవాడికి పలాస జీడిపప్పు పొట్లం. రూల్సు రాసే బాధ్యత ఎవరికిచ్చారో చెప్పక్కర్లేదు. భోగినాడు ఒక కాగితం, కనుమకి ఒక నోటుబుక్కు. నిద్ర నిబంధన, తప్పించుకోడాల నిబంధన, ఒకే రకం జంతువు రెండు తేకూడదన్న నిబంధన. ఆఖర్న ‘మేనల్లుళ్లు వాడే ఎత్తులు కమిటీ అనుమతితోనే’ అన్న నిబంధన. కమిటీలో సభ్యుడొకడే.

ఆటకి కూచున్న వేళకి పర్లాకిమిడి నుంచి ప్యాసింజర్లో ఇంకొకడు దిగాడు. అతనికీ రెండు ఫోన్లు. అతని చేతిలోనూ నోటుబుక్కు. ఇద్దరూ ఎదురెదురుగా కూచున్నారు. మూడో తరం ఆటలో వాబఫెట్ అని ఒక జంతువుండేది. తనంతట తాను కొట్టదు, కొడితే తిప్పికొడుతుంది, ఎదుటిదాన్ని బరిలోంచి కదలనివ్వదు. అలాంటివి రెండు ఎదురుపడి, రెండూ కాస్త కాస్త రక్తం ఊరించే వస్తువు పట్టుకుంటే ఆట ప్రళయం దాకా సాగుతుంది. అందుకని తర్వాతి తరంలో కంపెనీవారే దాని గుణం సవరించారు. వీళ్లిద్దరినీ సవరించేవాడు లేడు. తిరుగు బండికి గంట కొట్టేదాకా మొదటి నిబంధన దాటలేదు.

ఈలోగా గుంటడు టెక్కలి కాలేజీ కుర్రాళ్లతో పక్క అరుగుమీద పోటీ నడిపించేశాడు. జట్టులో పచిరిసు అని ఒక బక్క ఉడతని తెచ్చాడు. అందరూ నవ్వారు. 2014 ప్రపంచ పోటీలో దక్షిణ కొరియాకి చెందిన సేజున్ పార్క్ ఆ ఉడతతోనే గెలిచాడు. పెద్ద జంతువుల మీదకి రావలసిన దెబ్బలన్నీ తనమీదకి లాక్కుని, పక్కనున్న గ్యారడాస్‌ని కాపాడడం దాని పని. వాడు అది చదువుకొచ్చాడు. అందరూ పెద్ద జంతువుల్ని నిషేధించాలా వద్దా అని తేలుస్తూండగా, వాడు చిన్నదానితో ఎలా గెలవాలో తేల్చుకున్నాడు. జీడిపప్పు వాడి జేబులో పడింది.

బ్యానర్జీ వచ్చి ఉడతని చూశాడు. కాసేపు ఆలోచించాడు.

“దీన్ని బ్యాన్ చెయ్యాల.”

ఇక ఓటు సంగతి. అభిమానుల సంఘంలో ఒక జంతువు మీద అనుమానం వస్తే దాన్ని విచారణకి పెడతారు. సామాన్యంగా నూటికి 60 ఓట్లు పడితేనే నిషేధం. ఆ ఓటు ఎవరికి పడితే వారికివ్వరు. విచారణ గడువులో ఆడి, గెలిచి, చెప్పిన రేటింగు తెచ్చుకున్నవాడికే. ఇన్నేళ్లలో మా బ్యానర్జీకి ఒక్కసారీ ఓటు రాలేదు. రేటింగు రావాలంటే ఆడాలి. ఆడుతూ కూచుంటే వాదించేదెవరు?

అలాగని అతన్ని తీసిపారెయ్యకండి. అలాంటివాళ్లు అరవబట్టే నిద్ర నిబంధన వచ్చింది, ఆరు జంతువులూ గురకపెట్టే ఆట ఎవరికీ ఆట కాకుండా పోయింది. ఏ ఆటకైనా రూలు కావాలి, రూలు కోసం గొంతు చించుకునేవాడూ కావాలి. కాకపోతే ఆ గొంతు ఎవరి పక్షమో తెలుసుకోవాలి. మీ ఊళ్లోనూ ఒక బ్యానర్జీ ఉంటాడు, మీ ఆఫీసులో ఇద్దరుంటారు. ఈసారి ‘ఇది బ్యాన్ చెయ్యాలి’ అన్నప్పుడు ఒక్క మాటడగండి: నువ్వు గెలిచేదాన్ని ఎప్పుడైనా బ్యాన్ చెయ్యమన్నావా? అన్నానంటే నోటుబుక్కు అతని చేతికే ఇవ్వండి. నోరు మెదపకపోతే ఫోను చేతిలో పెట్టి, ఒక ఆట ఆడి రమ్మనండి.