గుండీలు పెట్టుకోవడానికి ఫీజెంత?

మధ్యాహ్నం వ్యాను దిగిన ఎల్‌కేజీ పిల్లాణ్ణి ‘ఇవాళ బళ్ళో ఏం చెప్పార్రా కన్నా?’ అని అడిగితే ఆదిలాబాదు నుంచి అనంతపురం దాకా జవాబు ఒక్కటే. ‘ఏం చెప్పలేదు.’ రెట్టించి అడిగితే ‘ఆడుకున్నాం’ అంటాడు. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే ఆ రోజు విశేషం బయటపడుతుంది: ‘పక్కవాడు వాంతి చేసుకున్నాడు.’ అంతే. ఫీజు రసీదు ఇంకా జేబులోనే ఉన్న తండ్రికి ఇక్కడే గుండె కలుక్కుమంటుంది. ఇన్ని వేలు పోసింది ఆటలకీ వాంతులకీనా?

పిల్లాడు అబద్ధం చెప్పలేదు. ఆ బడి పుట్టిందే ఆట కోసం. 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ దాన్ని మొదలుపెట్టి, 1840లో కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. అందులో ఏం నేర్పేవాడయ్యా అంటే ఊలు బంతులు, చెక్క గోళం, ఘనం, స్తూపం, పాటలు, తోటపని. ఇంత సాధువైన బడిని కూడా 1851లో ప్రష్యా ప్రభుత్వం నిషేధించింది. ఫ్రోబెల్ అన్న కొడుకు కార్ల్ సోషలిస్టు రాతలు రాసేవాడు. సర్కారువారు ఇంటిపేరు చూసి ఇద్దర్నీ ఒకే గాటన కట్టేశారు. మరుసటేడు ఫ్రోబెల్ పోయాడు. నిషేధం తొలగేసరికి 1860 వచ్చింది. రంగు బంతులు దొర్లించుకునే నాలుగేళ్ళవాళ్ళలో రాజ్యానికి ముప్పు కనిపెట్టిన ఘనత ఆ అధికారులదే.

మన వీధి చివర బోర్డు మీద కనిపించే మరియా మాంటిస్సోరి సంగతి ఇంకా చిత్రం. 1907లో రోము నగరంలోని శాన్ లోరెంజో పేదవాడలో ఆవిడ మొదటి పిల్లల బడి తెరిచింది. 1939లో మద్రాసు వచ్చి, అడయారు దివ్యజ్ఞాన సమాజంలో టీచర్లకు శిక్షణ మొదలుపెట్టింది. ఈలోగా ప్రపంచ యుద్ధం ముదిరి, అది ముగిసేదాకా ఈ దేశంలోనే ఉండిపోయింది. ఆవిడ పద్ధతిలో పిల్లలు ఏం చేస్తారంటే, జగ్గులోంచి గ్లాసులోకి నీళ్ళు ఒంపుతారు. గుడ్డ మడతపెడతారు. చెక్క చట్రానికి బిగించిన బట్టకు గుండీలు పెట్టి, తీసి, మళ్ళీ పెడతారు. నేల ఊడుస్తారు. ఒలికిన నీళ్ళు తుడుస్తారు.

అసలు కథ ఇక్కడుంది. ఇదే పిల్లాడు ఇంట్లో నీళ్ళ జగ్గు ముట్టుకుంటే ‘ఒరేయ్, పారబోస్తావు, అక్కడ పెట్టు!’ అని మూడు గదుల్లోంచి మూడు గొంతులు లేస్తాయి. చీపురు పట్టుకుంటే ‘ఛీ, మట్టి!’ పొద్దున్నే వాడు పెళ్ళికొడుకులా పీట మీద కూర్చుంటే, నాన్న ముందు మోకరిల్లి బూట్లు తొడుగుతాడు, అమ్మ గుండీలు పెడుతుంది, నానమ్మ ఇడ్లీ ముక్క చట్నీలో ముంచి నోటికందిస్తుంది. అలా ముస్తాబైన వాడు వ్యానెక్కి, గుండీలు పెట్టుకోవడం నేర్పే చోటికి బయల్దేరతాడు. ఇంట్లో ఊరికే వచ్చే చదువును అడ్డుకుని, అదే చదువును బయట డబ్బిచ్చి కొనుక్కోవడం మధ్యతరగతివారికే చేతనవును.

గుండీల మీద ఇంత రాద్ధాంతం ఎందుకంటారా? మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలున్నాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థి. ఏళ్ళ తరబడి ఒక్కొక్కటీ ఎముకగా గట్టిపడుతూ వస్తాయి. చివరిదాని వంతు వచ్చేసరికి పిల్లాడు కిండర్‌గార్టెన్ దాటి చాలా తరగతులు పైకి వెళ్ళిపోతాడు. ఇంకా గట్టిపడని ఆ చేతికి పెన్సిలిచ్చి నాలుగు పేజీల ‘అ’లు రాయమంటే, మూడో పేజీకి ‘అ’ నడుం వంగిపోతుంది. ఆ వేళ్ళకు కావలసింది చపాతీ పిండి పిసకడం, చిక్కుడుకాయల ఈనెలు తీయడం, వెల్లుల్లి పొట్టు ఒలవడం, ఆరేసిన బట్టలకు క్లిప్పులు పెట్టడం. వాడు చేసిన చపాతీ శ్రీలంక పటంలా వచ్చినా పర్వాలేదు. రేపు పెన్సిలు పట్టేది ఆ వేళ్ళే.

హోంవర్కు మాటకొస్తే, కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి దాకా హోంవర్కు వద్దంది. బడికి ముందు తరగతులకైతే సంచీయే వద్దంది. ఈ సంగతి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుకు ఇంకా చేరినట్టు లేదు. అక్కడ రాత్రి తొమ్మిదింటికి ‘రేపటికి సౌరకుటుంబం మోడల్’ అని మెసేజి పడుతుంది. ఊరంతా షాపులు కట్టేశాక థర్మాకోల్ కోసం నాన్న బండి తీస్తాడు. పదకొండింటికి శనిగ్రహానికి వలయం అతికిస్తున్నది నాన్న, రంగులేస్తున్నది అమ్మ. విద్యార్థి గురక పెడుతున్నాడు. మర్నాడు వచ్చిన స్టార్ ఎవరికో ఇద్దరికీ తెలుసు. పక్కింటివాళ్ళ శని ఇంకా బాగుందని నాన్న రెండు రోజులు దిగులుపడటం కూడా కద్దు.

ఇక అంకెలు. చుట్టాలొచ్చినప్పుడు ‘అంకుల్‌కి వన్ టు హండ్రెడ్ చెప్పు నాన్నా’ అనగానే వాడు ఊపిరి తీసుకోకుండా వంద దాకా అప్పజెబుతాడు. ఆ అంకుల్ తెలివిగలవాడైతే ‘ఏదీ, డబ్బాలోంచి ఐదు బిస్కెట్లు తీసుకురా’ అంటాడు. వాడు పిడికెడు తెస్తాడు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె చెప్పాలని, ఆఖరున చెప్పిన అంకే మొత్తమని తెలియడం వేరు. అంకెల పాట పాడటం వేరు. రోషెల్ గెల్మన్, గాలిస్టెల్ 1978లో పిల్లల లెక్కింపు మీద ఒక పుస్తకమే రాసి, ఇలాంటి సూత్రాలు ఐదు చెప్పారు. ఆ పుస్తకం మనిళ్ళకు రాకముందే వామనగుంటల పీట వచ్చింది. గుంటకొక చింతగింజ వేస్తూ పోవడమంటే మొదటి సూత్రమే. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, బోర్లా పడితే ఎనిమిది. పడినన్ని గళ్ళు కాయను జరపాలి. లెక్క తప్పితే దిద్దడానికి ఎర్రసిరా అక్కర్లేదు, ఎదురుగా కూర్చున్న అక్క చాలు.

తల్లులకు పనికొచ్చే రహస్యం ఒకటి పిల్లల మనస్తత్వవేత్త పియాజే బయటపెట్టాడు. వెడల్పు గ్లాసులోని పాలు పిల్లాడి కళ్ళముందే సన్నటి పొడుగు గ్లాసులో పోస్తే, ఆరేడేళ్ళలోపు వాడు పాలు పెరిగాయంటాడు. పాలు తాగించాలంటే ఏ గ్లాసు వాడాలో వేరే చెప్పాలా? మైసూర్‌పాక్‌కు ఈ కిటుకు వాడే ప్రయత్నాలు మాత్రం సాధారణంగా ఫలించవు. అక్కడ వాళ్ళ చూపు పియాజే కంటే పదును.

మాటల దగ్గరికి వస్తే ఇంకా తమాషా. మే నెల విజయవాడలో, తారు కరిగే ఎండలో, బనీను కూడా విప్పేసిన పిల్లాడు ‘ఐ ఫర్ ఇగ్లూ’ అంటాడు. వాళ్ళ వంశంలో ఎవరూ చూడని జైలోఫోన్‌నీ యాక్‌నీ బొమ్మల్లో గుర్తుపడతాడు. పెరట్లో గోరింటాకు చెట్టు చూపిస్తే మాత్రం ‘ట్రీ’ అంటాడు. వీలైనంతవరకు ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పమని 2020 జాతీయ విద్యావిధానం అంది. బడి వింటుందో లేదో కానీ, ఇంట్లోవాళ్ళు ఇంట్లో ఇంటి భాష మాట్లాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ మాటకొస్తే పక్కవాడి వాంతి కూడా పాఠమే. ‘అయ్యో, ఎప్పుడు? వాడు ఏం తిన్నాడు? ముందు ఏడ్చాడా, తరవాత ఏడ్చాడా? ఆయమ్మ ఏమంది? నువ్వేం చేశావు?’ అని అడిగి చూడండి. ‘ఏం చెప్పలేదు’ అన్నవాడే కుర్చీ ఎక్కి, చేతులు తిప్పుతూ, ముందు జరిగింది ముందు, తరవాతది తరవాత, నటించి మరీ చెబుతాడు. వాక్యాలు కట్టడం, వరస తప్పకుండా చెప్పడం, ఎదుటివాడి బాధ పట్టించుకోవడం అందులోనే వచ్చేస్తాయి. భోజనాలయ్యాక అడగడం మేలు.

ఇవన్నీ చదవని నానమ్మ ఒకావిడ, పచ్చడికి పల్లీలు వలుస్తూ మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. పది గింజలు లెక్కపెట్టి వాడి ముందు పోసి, ‘గిన్నెలో వెయ్యరా నాన్నా’ అని పొయ్యి దగ్గరికెళ్ళింది. తిరిగొచ్చి చూస్తే గిన్నెలో ఆరున్నాయి.

‘నాలుగేవిరా?’

వాడు దవడలు ఆడించడం ఆపి, నోరంతా తెరిచి చూపించాడు. నానమ్మ వంగి చూసి లెక్కపెట్టింది. మూడున్నాయి. ఇంకోటి ఏమైందని అడిగితే, ‘అది మింగేశాను. ఉమ్మమంటావేమోనని’ అన్నాడు.