టెస్టరు వెలిగింది, ఫ్యాను తిరగలేదు

ఓల్టేజీ అనేది ఒక చోట ఉండేది కాదు, రెండు చోట్ల మధ్య ఉండే తేడా. ఒక కూలుంబు విద్యుదావేశం ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరడంలో ఒక జౌలు శక్తి మారకం జరిగితే, ఆ రెండింటి మధ్య తేడా ఒక ఓల్టు. కరెంటు అంటే తీగలో ఒక చోట సెకనుకు ఎంత ఆవేశం దాటిపోతోందన్న లెక్క. సెకనుకు ఒక కూలుంబు దాటితే ఒక ఆంపియరు. పాఠ్యపుస్తకంలో ఇది ఒక పేజీలో తేలిపోతుంది. రచ్చబండ మీద మాత్రం ఏళ్ల తరబడి తేలదు. ఎందుకంటే అక్కడ చదవకుండానే అన్నీ తెలిసిన సర్వజ్ఞమూర్తి ఉంటాడు, చదివింది తప్ప ఇంకేమీ తెలియని ఫార్ములా బాబు ఉంటాడు, మోటారు కాలిన రైతు ఉంటాడు. చేతిలో పనిముట్టే తప్ప నోట్లో మాట లేని మేస్త్రీ సత్తెయ్య ఓ పక్కన కూర్చుని ఉంటాడు.

సర్వజ్ఞమూర్తి: కరెంటంటే ఏవుందయ్యా, గొట్టంలో నీళ్లు. శ్రీశైలంలో బయల్దేరుతుంది, మనింటికొచ్చి ఖర్చయిపోతుంది. ఖర్చు కాకపోతే బిల్లెందుకేస్తారు? ఫేజు తీగ నిండుగా వస్తుంది, న్యూట్రల్ ఖాళీగా పోతుంది.

ఫార్ములా బాబు: కరెక్టే అంకుల్. నేను దీనికి పది మార్కుల ప్రశ్న రాశాను.

మేస్త్రీ వాదన పెట్టుకోలేదు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పెట్టి, దాని తీగలు రెండూ విడదీసి, సంచిలోంచి టాంగ్ టెస్టరు తీశాడు. తీగను తెంపకుండా, దాని చుట్టూ దవడలా మూసి కరెంటు కొలిచే మీటరు అది.

మేస్త్రీ: ఫేజు మీద ఎంత చూపిస్తోందో చదవండి మూర్తిగారూ.

సర్వజ్ఞమూర్తి: 4.3.

మేస్త్రీ: న్యూట్రల్ మీద?

సర్వజ్ఞమూర్తి: ఇదీ 4.3.

మేస్త్రీ: ఇప్పుడు రెండు తీగలూ కలిపి దవడలో పెడతాను, చూడండి.

సర్వజ్ఞమూర్తి: సున్నా! నీ మీటరు పాడైందయ్యా.

మీటరు పాడవలేదు. వెళ్లినంతా తిరిగొచ్చింది. ఒకటి పోయే దారి, ఒకటి వచ్చే దారి కాబట్టి రెండూ కలిపితే సున్నా. ఏ కూడలి దగ్గరైనా లోపలికి వచ్చిన కరెంటూ బయటికి పోయిన కరెంటూ సమానమని 1845లో కిర్కాఫ్ చెప్పాడు, అప్పటికి ఆయన ఇంకా విద్యార్థే. పెట్టెలో ఖర్చయింది శక్తి. బిల్లు దానికే. వెయ్యి వాట్లు గంటసేపు లాగితే ఒక యూనిట్. ఇళ్లలో షాకు నుంచి కాపాడే బ్రేకరు కూడా ఈ సున్నానే కాపలా కాస్తుంది. పోయినదానికీ వచ్చినదానికీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే, ఆ తేడా ఎవరి ఒంట్లోంచో నేలకు పోతోందేమోనని వెంటనే కట్టేస్తుంది.

శ్రీశైలం మాట సరేసరి. ఊరి ట్రాన్స్‌ఫార్మరులో 11 వేల ఓల్టుల చుట్టకూ, ఇళ్లకు వచ్చే తీగల చుట్టకూ మధ్య అతుకే లేదు, నడుమ ఉన్నది అయస్కాంత క్షేత్రం మాత్రమే. శ్రీశైలంలో బయల్దేరిన ఎలక్ట్రాను ఏదీ మూర్తిగారి గుమ్మం తొక్కదు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగలో ఒక ఆంపియరు ఒకే దిక్కుకు పారితే ఎలక్ట్రాన్లు సెకనుకు మిల్లీమీటరులో పదో వంతు కూడా కదలవు. ఇళ్లకొచ్చే ఏసీలోనైతే ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతుంటాయి. పరుగెత్తేది వాటిని తోసే ప్రభావం. ఇక గొట్టం పోలికకు పెద్ద చిల్లు ఇంకొకటుంది. గొట్టం కోస్తే నీళ్లు బయటికి చిమ్ముతాయి, తీగ కోస్తే కరెంటు ఆగిపోతుంది.

తర్వాత మూర్తిగారి ఫ్యాను ఆగింది.

సర్వజ్ఞమూర్తి: టెస్టరు పెట్టి చూశాను, భేషుగ్గా వెలిగింది. కరెంటుంది. ఫ్యానే పోయింది.

ఫార్ములా బాబు: ఓల్టేజీని నిరోధంతో భాగిస్తే కరెంటు. ఓల్టేజీ ఉంది, ఫ్యాను నిరోధం ఉంది. అయినా తిరగడం లేదంటే ఓమ్ తప్పయినా అవ్వాలి, ఫ్యాను తప్పయినా అవ్వాలి.

మేస్త్రీ: ఓమ్‌గారి జోలికి పోకు బాబూ. ఆ టెస్టరు వెలగడానికి ఎంత కావాలో చెప్పు ముందు.

బాబు సిలబస్‌లో టెస్టరు లేదు. అందులో చిన్న నియాన్ బల్బూ, దానికి వరసలో దాదాపు పది లక్షల ఓముల నిరోధమూ ఉంటాయి. పట్టుకున్నవాడి ఒంట్లోంచి పోయే కరెంటు మిల్లీ ఆంపియరులో పావు వంతు, అందుకే చేతికి తెలియదు. 75 వాట్ల ఫ్యానుకు సుమారు మూడో వంతు ఆంపియరు కావాలి, అంటే టెస్టరు తాగేదానికి వెయ్యి రెట్ల పైమాట. మేస్త్రీ టెస్టరును జేబులో పెట్టి టెస్ట్ బల్బు తీశాడు: ఒక హోల్డరు, రెండు వైర్లు, 60 వాట్ల బల్బు. సీలింగ్ రోజ్ దగ్గర ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య పెడితే బల్బు మిణుకుమనలేదు. మెయిను కట్టేసి స్విచ్‌బోర్డు విప్పాడు. వెనక ఒక అతుకు. ఒక్క మెలికే తిప్పి టేపు చుట్టారు. టేపు కరిగి జిగురైంది, తీగ పోగులు నల్లబడి ఒకదాన్నొకటి తాకీ తాకనట్టున్నాయి.

ఆ అతుకు నిరోధం 20 వేల ఓములనుకుంటే లెక్క ఇలా తేలుతుంది. టెస్టరు పది లక్షల ఓములది, దాని ముందు 20 వేలు లెక్కలోకి రావు. 230లో 225 ఓల్టులు టెస్టరుకే దక్కుతాయి, అది వెలుగుతుంది. ఫ్యాను సుమారు 700 ఓములది. 230 ఓల్టుల్లో దానికి మిగిలేది ఎనిమిది కూడా కాదు, మిగతాదంతా అతుకు దగ్గరే పోతుంది. వరసలో ఉన్నవాటి మధ్య ఓల్టేజీ వాటి నిరోధాల నిష్పత్తిలోనే పంపకమవుతుంది. సూత్రం తప్పలేదు. బాబు భాగించిన నిరోధంలో ఫ్యాను ఉంది, ఆ నల్లబడ్డ అతుకు లేదు. జార్జ్ సైమన్ ఓమ్ కొలోన్‌లో బడిపంతులుగా ఉంటూ ప్రయోగాలు చేసి 1827లో పుస్తకం వేస్తే, స్వదేశంలో పెద్దలు పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లే పతకం ఇచ్చాకే కాస్త కళ్లు తెరిచారు. రచ్చబండలు జర్మనీలోనూ ఉండేవన్నమాట.

రైతు: నా సంగతి చెప్పండి బాబూ. లో ఓల్టేజీ అన్నారు, మోటారు కాలిపోయింది.

ఫార్ములా బాబు: అసాధ్యం. ఓల్టేజీ తగ్గితే కరెంటు తగ్గుతుంది, కరెంటు తగ్గితే వేడి తగ్గుతుంది. మీ మోటారు కాలలేదు.

రైతు: ఆ మాట రివైండింగ్ షాపతనికి నువ్వే చెప్పు నాయనా. డబ్బులడక్కుండా ఇచ్చేస్తాడు.

ఇస్త్రీపెట్టె విషయంలో బాబు మాట నిజం. మోటారు మరోరకం. బావిలోంచి ఎత్తాల్సిన నీటి బరువు ఓల్టేజీని బట్టి తగ్గదు. అయిదు హార్స్‌పవర్ మూడు ఫేజుల మోటారు 415 ఓల్టుల దగ్గర ఏడున్నర ఆంపియర్లు లాగుతుందనుకుంటే, లైను చివర 340 మాత్రమే అందినప్పుడు అదే పని కోసం తొమ్మిది దాటి లాగుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి చుట్టలో వేడి ఒకటిన్నర రెట్లవుతుంది. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే ఆపాల్సింది అప్పుడే. మాటిమాటికీ ఆగుతోందని రైతు దాన్ని పుల్లతో బిగించి ఉంచాడు. ఆ పుల్ల సంగతి రచ్చబండ మీద ఆయన చెప్పలేదు.

ఓ రాత్రి గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ తెగింది. మూర్తిగారి ఇల్లు ఒక ఫేజు మీద, పక్కిల్లు ఇంకో ఫేజు మీద. పక్కింట్లో వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పెట్టారు. మూర్తిగారింట్లో వంద వాట్ల బల్బు ఒక్కటే.

సర్వజ్ఞమూర్తి: చూశావా సత్తెయ్యా, వాళ్ల పెట్టె వేడెక్కనే లేదు, నా బల్బు పట్టపగల్లా ఉంది! పొదుపుగా వాడితే ఓల్టేజీ మిగులుతుంది.

మేస్త్రీ: ముందు మెయిను కట్టెయ్యండి మూర్తిగారూ!

మూర్తిగారు కట్టెయ్యలేదు, పొదుపు మీద ఉపన్యాసం అందుకున్నారు. తిరిగి వెళ్లే దారి తెగాక రెండిళ్లూ వరసలో పడ్డాయి. రెండు ఫేజుల మధ్య ఉండే 400 ఓల్టుల్ని పంచుకోవలసి వచ్చింది. బల్బు 529 ఓములు, పెట్టె 53. బల్బు వాటా సుమారు 364 ఓల్టులు, పెట్టె వాటా 36. తక్కువ వాడిన ఇంటికే ఎక్కువ ఓల్టేజీ. ఆ పొదుపు ఉపన్యాసం సగంలో ఉండగా బల్బు టప్పుమంది. దాంతో దారి పూర్తిగా తెగి రెండిళ్లలోనూ కరెంటు సున్నా అయింది. ఖాళీ హోల్డరులో మాత్రం పూర్తి 400 ఓల్టులు కూర్చున్నాయి. మేస్త్రీ న్యూట్రల్ తీగకు టెస్టరు పెడితే అదీ వెలిగింది.

అందుకే న్యూట్రల్‌కు విడిగా ఫ్యూజు గానీ స్విచ్ గానీ పెట్టకూడదు. ఒకింట్లో దీపాలు ఉన్నట్టుండి మండిపోతూ పక్కింట్లో మసకబారితే, కారణం ఆరా తీయకముందే మెయిను కట్టెయ్యండి. ఏ తీగనూ ముట్టుకోకుండా లైన్‌మన్‌ను పిలవండి.